పెరట్లో మీటరు గేజి

(మహేశ్వరంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ఫించను లెక్కల మీదనో, కరువు భత్యం మీదనో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటె బాగా చెప్పగలవారు ముందు వరుసలోనే ఉన్నారు. నేను ఒక ఆటబొమ్మ గురించి చెబుతాను. నవ్వినా ఫర్వాలేదు, మా ఇంట్లో రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

నేను రైల్వేలో పట్టాల పని చూసినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం మీటరు గేజి మీదే గడిచింది. మన ఉందానగర్ మీదుగా పోయే లైను కూడా ఒకప్పుడు మీటరు గేజే. 1992లో యూనిగేజి పథకం వచ్చింది, నేను వంచిన వంపులన్నీ ఒక్కొక్కటిగా లేచిపోయాయి. అప్పటినుంచి మనసులో ఒక కోరిక ఉండేది. పదవీ విరమణ అయ్యాక మా పెరట్లో ఒక చిన్న లైను వేయాలని.

ఇది నా పిచ్చి ఒక్కడిదే కాదు. ఇంగ్లండులో సర్ ఆర్థర్ హేవుడ్ అనే జమీందారు 1874లో తన ఇంటి ఆవరణలోనే 15 అంగుళాల గేజి రైలు వేశాడు. అదే గేజి మీద 1927లో అక్కడి సముద్రతీరాన రామ్నీ, హైత్, డిమ్‌చర్చ్ లైను మొదలైంది, పదమూడున్నర మైళ్ల పొడవున మనుషులు ఎక్కి తిరుగుతారు. మన జూ పార్కులో పిల్లలు ఎక్కే రైలుది కూడా ఆ వంశమే. ఇక తోటలో పెట్టుకునే బొమ్మ రైళ్లు జర్మనీలో 1968లో ఎల్.జి.బి. అనే పేరుతో వచ్చాయి. వాటి పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు. బండిని ఇరవైరెండున్నర వంతులు తగ్గించి చేస్తారు. 45ను ఇరవైరెండున్నరతో హెచ్చవేసి చూడండి, 1012 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే మన మీటరు గేజి! ఆ లెక్క కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాని ధర విన్నాక చక్కగా నిద్ర పట్టింది. ఒక ఇంజనుకు నా నెల ఫించను చాలదు. పైగా పెరడు కూడా మిగల్లేదు. విమానాశ్రయం వచ్చాక మన దగ్గర గజం స్థలానికి కూడా తగవులు వచ్చిన సంగతి మీకు తెలుసు. మా తమ్ముడూ నేనూ పంచుకున్నాం, మధ్యలో గోడ లేచింది. నా వంతుకు వచ్చింది ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. జామచెట్టు అవతల పడింది, తర్వాత గదులు కట్టేటప్పుడు పోయింది. బావి పూడ్చేశారు. తమ్ముడితో మాటలు పెళ్లిళ్లకూ కర్మలకూ మాత్రమే మిగిలాయి.

అప్పుడు మా మనవడు తన పాత కంప్యూటరు ఇచ్చి అందులో ట్రెయిన్జ్ అనే ఆట పెట్టాడు. ఆస్ట్రేలియావాళ్లు 2001లో తెచ్చిన సిమ్యులేటరు అది. బండి నడపడమే కాదు, నేల మలచి, పట్టాలు పరచి, చెట్లు నాటుకోవచ్చు. మొదట పెరటిని ఉన్న కొలతలోనే కట్టబోయాను. కుదరలేదు. నా దగ్గరున్న కూర్పు నేలను పది మీటర్ల గళ్లుగా విడదీస్తుంది. పెరటి వెడల్పంతా ఒక్క గడిలో పడిపోతుంది, ఇక గట్టు ఎక్కడ, కాలువ ఎక్కడ?

అందుకని తిరగేశాను. బండిని అసలు సైజులో ఉంచి పెరటిని ఇరవైరెండున్నర రెట్లు పెంచాను. అప్పుడు పది మీటర్ల గడి పెరటి కొలతలో మూరెడు. అది చాలు. మూడడుగుల తులసి కోట అరవైఏడు అడుగుల గోపురమైంది. తొమ్మిదంగుళాల ఇటుక పదిహేడడుగుల బండరాయి. నాలుగంగుళాల గరికలో బండి సగం మునిగిపోతుంది. ఏటవాలు మాత్రం ఎంత పెంచినా మారదు. నలభై అడుగులకు ఒక అడుగు వాలితే అక్కడా అంతే, ఇక్కడా అంతే. జాలారి వైపు వాలు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతుంటే నాకు ఘాట్ సెక్షను గుర్తొస్తుంది.

చిక్కు వంపుల దగ్గర వచ్చింది. మన మీటరు గేజి మీద పదహారు డిగ్రీలకు మించిన వంపు కూడదు. అంటే 109 మీటర్ల వ్యాసార్ధం. పెరటి కొలతలో గుండ్రం అటూ ఇటూ కలిపి దాదాపు ముప్పైరెండు అడుగులు. నా వెడల్పు ముప్పై. దాదాపు రెండడుగులు గోడ అవతల పడుతుంది! బొమ్మ రైళ్లకు రెండడుగుల వ్యాసార్ధపు వంపు కూడా ఉంది, అది పెట్టుకుంటే సరిపోయేది. కాని అంత వంపు మీద వై.పి. ఇంజనును నడపడానికి నా చేయి ఒప్పుకోలేదు. సర్వీసులో ఎన్నడూ చేయని పని ఇప్పుడు చేస్తానా?

చివరికి గోడ తీసేశాను. కంప్యూటరులోనే సుమా.

గోడ పోయాక అవతలి సగం ఖాళీగా కనిపించింది. జామచెట్టు నిలబెట్టాను, బావి గట్టు కట్టాను. ముప్పై కిలోమీటర్ల వేగంతో ఒక చుట్టు రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది.

పోయిన దసరాకు తమ్ముడు జమ్మి పెట్టడానికి వచ్చాడు. మనవడు ఊరుకోక చూపించాడు. తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బండి తులసి కోట చుట్టి, గోడ ఉండవలసిన చోటు దాటి వాళ్ల వైపు పోయింది. నాకు గుండె దడదడలాడింది. వాడు గోడ మాట ఎత్తలేదు. మూడు చుట్లు చూసి అన్నాడు:

“అన్నా, జామచెట్టు ఈడ లేకుండె. ఇంకింత బాయి దిక్కు ఉండె. నేను కింద పడ్డది గా గట్టు మీదనే గదా.”

నిజమే. వాడికి అప్పుడు ఏడేళ్లు, మోచేయి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవ. వాడు చూస్తుండగానే చెట్టును రెండు గజాలు జరిపాను.

బావి గిలక కూడా తప్పు వైపు ఉందట. ఆదివారం వస్తానన్నాడు.