గోధుమ పడని పిల్లలు

(మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఆడపడుచు కాపురం ఢిల్లీలో. వాళ్ల పాప మొదటి ఏడాది బొద్దుగా, ముద్దుగా ఉండేది. రెండో ఏడు నడుస్తూండగా చిక్కిపోవటం మొదలుపెట్టింది. చేతులూ కాళ్లూ పుల్లలు, పొట్ట మాత్రం ముందుకి. రోజుకి నాలుగైదు విరేచనాలు. మొహం పాలిపోయి ఎప్పుడూ చిరాకు. నులిపురుగులన్నారు, మందిచ్చారు. రక్తం తక్కువన్నారు, టానిక్కులు పట్టించారు. దిష్టి అన్నారు, అదీ తీశారు. అన్నంలో ఏం బలం ఉంది, గోధుమలోనే బలం అని ఎవరో చెబితే, పాలల్లో రొట్టె నానబెట్టి, నెయ్యి పోసి గోధుమ రవ్వ పాయసం కాచి, బతిమాలి మరీ తినిపించింది తల్లి. పిల్ల ఇంకా చిక్కింది.

వేసవి సెలవులకి రాజమండ్రిలో మా ఇంటికి వచ్చారు. నెల్లాళ్లు ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం. పాప కాస్త తేరుకుంది. “గోదావరి నీళ్లు పడ్డాయి వదినా” అంది మా ఆడపడుచు. నేనూ అలాగే అనుకున్నాను. ఢిల్లీ వెళ్లిన రెండు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి ఒక పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, చిన్నపేగు లోపలి నుంచి రవ్వంత ముక్క తీయించి చూసి, సీలియాక్ వ్యాధి అని తేల్చారు. మారింది నీళ్లు కాదు, తిండి అని అప్పుడు తెలిసింది మాకు.

లోకానికి ఈ సంగతి తెలిసిందీ ఇంచుమించు ఇలాగే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలాన, హాలెండులో తిండికి కటకటలాడారు. బ్రెడ్డు దొరకలేదు. ఊరంతా చిక్కిపోతూంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్డు తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు దీన్ని జాగ్రత్తగా పరిశీలించి, గోధుమే ఇందుకు కారణమని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రాశారు.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. మన చిన్నపేగు లోపలి గోడకి ముఖమలు గుడ్డకున్న నూగులాంటి సన్నని పోగులుంటాయి. తిన్నదాని సారాన్ని ఒంటికి పట్టించేవి అవే. ఈ జబ్బున్నవారిలో రక్షణ కణాలు గ్లూటెన్‌ని శత్రువనుకుని తిరగబడతాయి. దెబ్బ మాత్రం ఆ పోగులకి తగులుతుంది. అవి అరిగిపోయాక ఎంత తిన్నా ఏం లాభం?

మరి అందరం తింటున్నాం, కొందరికే ఎందుకొస్తుంది? అక్కడే జన్యువుల పాత్ర ఉంది. మన ఆరో క్రోమోజోము మీద హెచ్.ఎల్.ఏ. అనే జన్యువులున్నాయి. ఒంట్లోకి వచ్చిన వస్తువుల ముక్కల్ని పట్టుకుని రక్షణ కణాలకి చూపించటం వాటి వల్ల జరిగే పని. వాటిలో డి.క్యూ.2, డి.క్యూ.8 అనే రెండు రకాలు గ్లూటెన్ ముక్కల్ని గట్టిగా పట్టుకుంటాయి. ఈ జబ్బున్నవారిలో దాదాపు అందరికీ వీటిలో ఒకటైనా ఉంటుంది. అలాగని కంగారు పడకండి. నూటికి ముప్ఫై, నలభై మందికి ఇవి ఉంటాయి, వారిలో జబ్బు వచ్చేది నూటికి ముగ్గురికి మాత్రమే. రెండు లేనివారికి ఈ జబ్బు రావటం బహు అరుదు.

డి.క్యూ.2 ఒక ప్రతి ఉంటే ఒక ఎత్తు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చి రెండు ప్రతులుంటే ఒక ఎత్తు. అమెరికా, ఫిన్లాండు, జర్మనీ, స్వీడన్ దేశాల పిల్లల్ని గమనించి 2014లో ప్రకటించిన లెక్క చూడండి. అయిదేళ్లు నిండేలోగా జబ్బు వచ్చినవారు మొదటి రకంలో నూటికి 3, రెండో రకంలో 11.

మన దేశం సంగతి ఇంకా విచిత్రం. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ జన్యువులు ఉత్తరాదిన నూటికి 38 మందికి, దక్షిణాదిన 36 మందికి కనిపించాయి. అంటే ఇంచుమించు సమానమే. కాని జబ్బు జాడ తెలిపే ప్రతిరక్షకాలు పెద్దవాళ్లలో అక్కడ నూటికి ఒకరికి పైగా ఉంటే, ఇక్కడ వెయ్యికి ఒక్కరికే. ఎందుకంటే వారు రోజుకి తినే గోధుమ సగటున 455 గ్రాములు, మనం తినేది 25. జన్యువు ఒక్కటే చాలదు, గోధుమ కూడా కలవాలి. అంచేత అన్నం తగ్గించి రొట్టెలకి అలవాటు పడుతున్న మన ఇళ్లలోనూ దీన్ని గురించి తెలిసి ఉండటం మంచిది.

ఇక ఇంట్లో జరిగిన సంగతి. “మా వంశంలో ఇలాంటివి లేవు, మీవైపు నుంచే వచ్చింది” అన్నారట మా ఆడపడుచు అత్తగారు. ఆ పిల్ల ఫోనులో ఏడ్చింది. డాక్టరుగారు చెప్పారట - అమ్మా, ఒక్కోసారి డి.క్యూ.2లో సగం భాగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వచ్చి బిడ్డలో కలుస్తాయి, ఇందులో ఎవరిని నిందిస్తారు అని. తోబుట్టువులకీ, కన్నవారికీ ఉండే అవకాశం సుమారు నూటికి పది గనుక అందరికీ రక్తపరీక్ష చేశారు. పాప తమ్ముడు బాగానే ఉన్నాడు. బయటపడింది వాళ్ల నాన్నకి! ఏళ్ల తరబడి ఆయనకి రక్తం తక్కువ, కారణం తెలియలేదు. “ఇప్పుడైనా ఒక మాట అనకపోయావా?” అన్నాను. “ఎందుకు వదినా? ఇద్దరికీ ఒకే వంట సరిపోతోంది, అంతే చాలు” అంది.

మీరు గుర్తుంచుకోవలసినవి కొన్ని. పిల్లలు ఎదగకపోయినా, విరేచనాలు విడవకపోయినా, టానిక్కులు వాడినా రక్తం పట్టకపోయినా డాక్టరుని అడగండి. చక్కెర జబ్బున్న పిల్లల విషయంలో కూడా అడగాలి. పరీక్షకి ముందు మీ అంతట మీరు గోధుమ మానిపించకండి, ఫలితం తప్పుగా రావచ్చు. జన్యు పరీక్షలో ఉందని వస్తే జబ్బున్నట్టు కాదు. చంటిపిల్లకి గోధుమ ముందు పెట్టానే, ఆలస్యంగా పెట్టి ఉంటే రాకపోయేదే అని కుమిలిపోకండి. ఆలస్యం చేసినంత మాత్రాన జబ్బు ఆగదని పరిశోధనల్లో తేలింది.

జబ్బు ఖాయమైతే మందు ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ మానటం. మనకది కష్టం కాదు. వరి, జొన్న, రాగి, సజ్జ, మొక్కజొన్న అన్నీ తినవచ్చు. కాని బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బిస్కట్లు, బార్లీ నీళ్లు, మాల్టు కలిసిన పానీయాలు పనికిరావు. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదవండి. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడించకండి. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు కదా, ఆ పిల్లకి అరటిపండు చేతిలో పెట్టండి, దేవుడేమీ అనుకోడు.

పోయిన సంక్రాంతికి పాప వచ్చింది. అరిసెలు రెండు చేతులా పట్టుకుని వాకిట్లో ముగ్గు చుట్టూ పరుగులు తీస్తూంటే చూడటానికి మాకు కళ్లు చాలలేదు.