ఎంగిలిని ఇంగ్లీషులో ఏమంటారు?



ఈ రోజు అనువాద విభాగంలో పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఇకమీదట తెలుగులోంచో, హిందీలోంచో, మరో భాషలోంచో ఇంగ్లీషులోకి మాటలు తరలిస్తూ బతకబోతున్నారు. "దీనికి ఇంగ్లీషులో మాట లేదండీ" అని మీకు చెప్పేవాళ్ళు అడుగడుగునా తగులుతారు. అంత తొందరగా ఒప్పుకోకండి. ఒక మాటకు ఒకే సమానపదం కోసం వెతికితే దొరకదు, నిజమే. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఎంగిలినే తీసుకుందాం. ఉమ్మి తగిలినది, తినగా మిగిలినది అని అర్థం చెప్పుకుంటాం. కానీ కాలేజీ బస్సుకు పరిగెడుతున్న కొడుకుతో అమ్మ "కాస్త ఎంగిలి పడి వెళ్ళరా" అంటే అందులో ఉమ్మీ లేదు, మిగులూ లేదు. ఖాళీ కడుపుతో పోవద్దంటోంది. 'ఈట్ సమ్‌థింగ్ బిఫోర్ యూ గో' అంటే సరిపోతుంది, ఇంకేమీ కలపనక్కర్లేదు. అదే అమ్మ, భోజనం మధ్యలో కూర గిన్నె అందుకోబోయిన పిల్లతో "ఎంగిలి చెయ్యి పెట్టకు" అన్నప్పుడు ఆ చేతిని పాఠకుడికి చూపించాలి. తింటున్న చేత్తో ముట్టుకోవద్దని విడమర్చాలి. ఇక జనం చెప్పుకునే శబరి కథలో రాముడికి పెట్టినవి ఎంగిలి పళ్ళు. వాటిని 'హాఫ్ ఈటెన్' అన్నామా, భక్తి పోయి అసహ్యం మిగులుతుంది. ఆమె ముందుగా రుచి చూసి, తియ్యనివే ఏరిన పళ్ళు అని రాయాలి. మూడు వాక్యాలకు మూడు ఇంగ్లీషులు. మూడింట్లోనూ ఎంగిలి అనే మాట కనపడదు, దాని పని మాత్రం జరిగిపోతుంది.

నాలుగోది వేరే. దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో హిందీలో తన ఆత్మకథ అచ్చువేశారు. దాని పేరు 'జూఠన్', అంటే ఎంగిలి కూడు. ఊళ్ళో పెద్ద కులాల ఇళ్ళ పెళ్ళిళ్ళలో జనం తిని వదిలేసిన విస్తళ్ళను బుట్టల్లో ఎత్తుకొచ్చి, అందులోని పూరీ ముక్కలు ఎండబెట్టి వానాకాలానికి దాచుకునేవారు ఆయన ఇంట్లో. ఒక పెళ్ళిలో రోజుల తరబడి చాకిరీ చేసిన ఆయన తల్లి, నా పిల్లలకూ కాస్త పెట్టండి అని అడిగితే ఆ ఇంటాయన విస్తళ్ళ బుట్ట చూపించి అవమానించాడు. ఆమె ఆ బుట్టను అక్కడే కుమ్మరించి పిల్లల్ని తీసుకుని వచ్చేసింది. మళ్ళీ ఎన్నడూ ఎంగిలి విస్తళ్ళకు వెళ్ళలేదు. 2003లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అరుణ్ ప్రభా ముఖర్జీ పేరును 'జూఠన్' గానే ఉంచారు. ఆమె చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని అని నా నమ్మకం. 'లెఫ్టోవర్స్' అంటే అమెరికాలో రాత్రి మిగిలి ఫ్రిజ్‌లో పెట్టుకున్న అన్నం, దాన్ని ఇంటివాళ్ళే మర్నాడు వేడిచేసుకుని తింటారు. అందులో కులం లేదు. ఇక్కడ మాటను వదిలేయడం ఓటమి కాదు, ఎందుకంటే ఆ మాటకు అర్థం చెప్పే బాధ్యతను పుస్తకం మొత్తం మోస్తోంది. ఏ ఆసరా లేకుండా పరాయి మాటను పేజీలో పడేసి, కింద ఒక వివరణ అంటించి చేతులు దులుపుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ఇంకో దారి కూడా ఉంది. పాత నిబంధనలో యూదుల ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు, రెండోదానిపై జనం పాపాలు మోపి అడవిలోకి తోలేస్తారు. ఆ రెండో మేకకు ఇంగ్లీషులో పేరు లేకపోతే 1530లో, బైబిలును ఇంగ్లీషులోకి తెస్తున్న విలియం టిండేల్ 'స్కేప్‌గోట్' అని కొత్త మాట పుట్టించాడు. ఆరేళ్ళకు మతద్రోహం నేరం కింద ఆయన్ని చంపేశారు. ఆ మాట నేటికీ ఉంది. దాన్ని మనం బలిపశువు అంటున్నాం గానీ ఆ మేక బతికిపోయిన మేక. తెలుగులో బలిపశువు కనిపించిన ప్రతిచోటా స్కేప్‌గోట్ అని రాసేముందు ఒక్క క్షణం ఆగండి.

కచేరీ కాగితాల్లో పనిచేయబోయేవాళ్ళు జమీందారు అనే మాట చరిత్రను తప్పక చదవాలి. మొగలుల కాలంలో ఆ పేరు కింద రకరకాల హక్కులున్నవాళ్ళు ఉండేవారు. ముఖ్యంగా శిస్తు వసూలు చేసి అందులో వాటా తీసుకునేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలకు ఆ మాటలో తమ దేశపు లాండ్‌లార్డ్ కనిపించాడు. 1793లో బెంగాల్లో, 1802లో మద్రాసు రాజధానిలో వచ్చిన శాశ్వత శిస్తు రెగ్యులేషన్లు జమీందార్లను భూమికి యజమానులను చేశాయి. ఉత్తర సర్కారు జిల్లాల జమీల్లో తరతరాలుగా దున్నుకుంటున్న రైతు పొలం మీద హక్కు కోసం దేవులాడాల్సి వచ్చింది. 1908లో ఎస్టేటు భూముల చట్టం వచ్చాకగానీ అతని సాగు హక్కుకు గట్టి అండ దొరకలేదు. ఇదంతా ఒక్క అనువాదం వల్లే జరిగిందనను. కంపెనీకి శిస్తు నికరంగా రావాలన్న ఆత్రమూ ఉంది. కానీ ఆ ఆత్రానికి సమానపదం చక్కగా సాయపడింది.

మీలో కొందరు ఆసుపత్రుల్లో దుబాసీలుగా చేరతారు. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళకు ఆ సాయం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. "వేడి చేసిందమ్మా" అని ఒక పెద్దాయన అంటే 'ఫీవర్' అనేయకండి. మూత్రం మంటగా ఉందా, నోరు పూసిందా, కళ్ళు మండుతున్నాయా అని ఆయన్నే అడగండి. ఆయన చెప్పింది డాక్టరుకు చెప్పండి. అక్కడ తెలివిగా ఊహించడం కన్నా తిరిగి అడగడమే మీ వృత్తి.

ఇక నిఘంటువుల సంగతి. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, పండితులను వెంట పెట్టుకుని, ఏళ్ళ తరబడి శ్రమించి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. దాన్ని నేటికీ తెరుస్తున్నాం, ఆయనకు రుణపడే ఉంటాం. అయితే ఆయన తరవాత జనం నోళ్ళలో పుట్టిన వాడుక ఎంతో ఉంది. సిక్కోలు మాట, పాలమూరు మాట, అనంతపురం మాట ఇంగ్లీషులోకి వెళ్ళాల్సినంత వెళ్ళలేదు. ఉద్యోగాల్లో చేరేముందు మీ బ్యాచ్ అంతా కలిసి ఒక ఉమ్మడి ఫైలు మొదలుపెట్టండి. విడి మాటలు వద్దు, విన్న వాక్యాన్ని విన్నట్టే రాయండి. ఎవరు ఎవరితో అన్నారో, ఏ ఊళ్ళోనో పక్కన పెట్టండి. దానికి మీరు చేసిన ఇంగ్లీషు, అది నచ్చనివాళ్ళు చేసిన ఇంకో ఇంగ్లీషు, రెండూ ఉంచండి. నాకూ ఒక ప్రతి పంపండి, నా దగ్గరున్న వాక్యాలన్నీ అందులో చేరుస్తాను.