చిగుళ్ళ నెత్తురు వేడి వల్ల కాదు



పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడు సింకులో ఎర్రటి చార కనబడితే మీరేం చేస్తారు? నేనేం చేశానో చెబుతాను. కుళాయి తిప్పి కడిగేశాను. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఐదారేళ్ళు అలా కడిగేస్తూనే వచ్చాను. వేడి చేసిందిలే అనుకుని మజ్జిగ తేట తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకున్నాను, నాలుగు రోజులు ఆవకాయ మానేశాను. బ్రష్షు గీరుకుంటోందేమోనని ఆ పక్క తోమడమే మానేశాను. నొప్పా, లేదు. నొప్పి లేనిదానికి డాక్టరెందుకు, డబ్బు దండగ అనుకున్నాను.

ఒకనాడు జామకాయ కొరికితే కింది పన్ను కదిలింది. అప్పుడు పరుగెత్తాను. డాక్టరుగారు ఎక్స్‌రే తీసి చూసి, "పన్ను బాగానే ఉందమ్మా, దాన్ని పట్టుకునే ఎముకే కరిగిపోయింది" అన్నారు. పుచ్చులేని, తెల్లటి పళ్ళు రెండు తీయించుకుని ఇంటికొచ్చాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. పిల్లల పళ్ళలో చిన్న నల్లచుక్క కనబడితే డాక్టరు దగ్గరికి లాక్కుపోయిన దాన్ని, నా నోరు నేను ఏనాడూ అద్దంలో చూసుకోలేదు. అందుకే ఈ రోజు చిగుళ్ళ జబ్బు ఎందుకు వస్తుందో, ఎవరికి ఎక్కువగా వస్తుందో మీతో చెప్పుకోవాలని వచ్చాను.

అసలు కారణం పాచి. మనం పొద్దున్నే వదిలించుకునే ఆ జిగురు పొరే. అందులో ఉండేది నిన్నటి అన్నం మెతుకులు కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. పళ్ళు తోముకున్న కొన్ని గంటలకే అవి మళ్ళీ పంటికీ చిగురుకూ మధ్య సందులో చేరడం మొదలుపెడతాయి. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టడం మీరు చూసే ఉంటారు. అలాగే మన ఉమ్మిలో ఉండే ఖనిజాలు ఈ పాచిలో చేరితే అది గట్టిపడి గార అవుతుంది. పాచి మెత్తగా ఉన్నంతకాలం బ్రష్షుకు లొంగుతుంది. గార కట్టాక ఎంత రుద్దినా పోదు, డాక్టరు పనిముట్టుతోనే తీయాలి. గార గరుకుగా ఉంటుంది గనుక దాని మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది.

పాచి వల్లనే ఈ వాపు వస్తుందని ఎలా తెలిసిందంటారా? 1965లో డెన్మార్క్ దేశంలో, ఆర్హస్ నగరంలోని దంత వైద్య కళాశాల వారు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. చిగుళ్ళు బాగున్న 12 మందిని, వారిలో ఎక్కువమంది విద్యార్థులే, పళ్ళు తోమడం మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో తగ్గిపోయాయి. వారికి వేడీ చేయలేదు, పైత్యమూ చేయలేదు. పాచి పేరుకుంది, అంతే!

ఈ ప్రయోగంలో మనకు గొప్ప ఊరట ఉంది. ఎర్రబడడం, ఉబ్బడం, నెత్తురు కారడం వరకే అయితే జబ్బు పూర్తిగా వెనక్కి మళ్ళుతుంది. అక్కడ అశ్రద్ధ చేస్తే కొందరిలో వాపు లోపలికి దిగుతుంది. చిగురు పంటిని వదిలి సంచీలా తెరుచుకుంటుంది. అందులో మళ్ళీ పాచి, గార. కింద ఎముక మెల్లగా కరుగుతుంది. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. నోటి దుర్వాసన, చీము, పళ్ళు పొడుగైనట్టు కనబడడం, పళ్ళ మధ్య సందులు, చివరికి కదలడం, ఇవన్నీ ఈ దశలోవే. పెద్దలు పయోరియా అనేవారు. పంటి మొదట్లో చీమూ నెత్తురూ కారి పళ్ళు కదిలే జబ్బును సుశ్రుత సంహిత కూడా చెప్పింది. జబ్బు కొత్తదేమీ కాదు. పుప్పి పన్నయితే రాత్రి నిద్ర పోనివ్వదు. చిగుళ్ళ జబ్బు మాత్రం చాలామందిలో చప్పుడు చేయకుండానే వస్తుంది. అదే దానితో వచ్చిన చిక్కు.

మరి పాచి అందరి నోళ్ళలోనూ ఉంటుంది కదా, కొందరికే ఇంత దూరం ఎందుకు వస్తుంది? దానికి తోడయ్యేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ, నయం కావడం తక్కువ. పైగా పొగాకు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది గనుక నెత్తురు కనబడదు. లోపల ఎముక పోతున్నా పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. "మావారికి నెత్తురు రాదండీ" అని నిశ్చింతగా ఉండకండి. ఆడవాళ్ళం మనకేమిటి అనుకోవద్దు. నశ్యం పళ్ళకు రాసుకునేవారు, జర్దా కిళ్ళీ వేసుకునేవారు మనలో లేరా? పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

రెండవది షుగరు జబ్బు. రక్తంలో చక్కెర అదుపు తప్పితే శరీరం సూక్ష్మజీవులతో పోరాడలేదు, పుండు త్వరగా మానదు. చిగుళ్ళ వాపు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కూడా కష్టమే. చిగుళ్ళకు వైద్యం చేయించుకున్నవారికి, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో అంకె కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇంట్లో షుగరు ఉన్నవారు కళ్ళూ కాళ్ళూ చూపించుకున్నట్టే చిగుళ్ళూ చూపించుకోవాలి.

మూడవది మన ఆడవాళ్ళకే ప్రత్యేకం. "కాన్పుకో పన్ను" అనేవారు మా అత్తగారు. బిడ్డ తల్లి పళ్ళలోని సున్నం లాక్కుంటుందని ఆవిడ నమ్మకం. బిడ్డ ఆ పని చేయదు. గర్భిణిలో హార్మోనులు పెరిగి, కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా ఉబ్బుతాయి. వేవిళ్ళతో బ్రష్షు నోట్లో పెట్టుకోలేక ఆ పాచి ఇంకా పెరుగుతుంది. గర్భిణికి పళ్ళ వైద్యం చేయించకూడదన్నది కూడా అపోహే. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా దానికి అనువైన కాలం. రజస్వల అయ్యే వయసులో ఆడపిల్లలకూ చిగుళ్ళు ఇలాగే సున్నితమవుతాయి.

ఇంకా ఉన్నాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ వంటి మందులు కొందరిలో చిగుళ్ళను పెంచుతాయి. అంతమాత్రాన మందు మానకండి, డాక్టరుతో చెప్పండి. వంకర పళ్ళ సందుల్లో పాచి దాక్కుంటుంది. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు వంశపారంపర్యంగా త్వరగా వస్తుంది. సి విటమిన్ బొత్తిగా లేకపోతే చిగుళ్ళు నెత్తురోడడం నిజమే. ఉసిరికాయ, జామకాయ తినండి, మంచిదే. కాని గార కట్టిన పళ్ళకు ఎన్ని సి విటమిన్ బిళ్ళలు మింగినా గార ఊడిరాదు!

"క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయట కదా" అని మా పక్కింటావిడ అడిగారు. నేనూ ఆ భయంతోనే వెళ్ళలేదు. ఎముక కరిగి వదులైన పళ్ళను గార సిమెంటులా అతికి పట్టుకుని ఉంటుంది. అది తీసేసరికి ఉన్న కదలిక బయటపడుతుంది. పాత గోడకు పెచ్చు ఊడితే పగులు కనబడినట్టు. పగులు పెట్టింది పెచ్చు తీసినవాడు కాదు కదా!

ఇక చేయవలసింది పెద్దదేమీ కాదు. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితే పన్ను అరుగుతుంది, చిగురు కిందికి జారుతుంది. మెత్తటి బ్రష్షును పన్నూ చిగురూ కలిసే చోట కాస్త ఏటవాలుగా ఆనించి, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు తోముకోండి. వేపపుల్ల వాడేవారు వెనక దంతాలనూ, లోపలి వైపునూ మరిచిపోకండి. పళ్ళ సందులకు దారమో, సన్నటి సందుల బ్రష్షో కావాలి. నెత్తురు వచ్చే చోట తోమడం మానకండి. అక్కడే నెమ్మదిగా, శ్రద్ధగా తోమాలి. రెండు వారాలైనా ఆగకపోతే డాక్టరుకు చూపించండి.

రాత్రి అందరి భోజనాలూ అయి, గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి, గ్యాసు కట్టేసేసరికి మనకు ఓపిక ఉండదు. నాకు తెలుసు. పొయ్యిగట్టు తుడవకుండా పడుకోలేని మనం నోరు కడుక్కోకుండా పడుకుంటున్నాం. ఈ రాత్రి వంటింటి దీపం ఆర్పాక రెండు నిమిషాలు మీ కోసం ఉంచుకోండి. రేపు పొద్దున సింకులో ఎర్రచార కనబడితే మాత్రం, నాలా కుళాయి తిప్పి ఊరుకోకండి.