తెర మీది మోషే ఎవరి మోషే?

(క్రిస్మస్ ఏర్పాట్ల కోసం పేటలో జరిగిన సమావేశంలో చేసిన ఉపన్యాసం)



ఈ క్రిస్మస్‌కి తెర కట్టి ఏ సినిమా వెయ్యాలి అని మన కుర్రాళ్ళలో వాదన నడుస్తోంది. సినిమాకి ఇంత చర్చ ఎందుకని కొందరు పెద్దలు విసుక్కున్నారు. ఎందుకో చెబుతాం. మా ఇళ్ళలో మాకంటే ముందు బడి ముఖం చూసినవాళ్ళు లేరు. మా అమ్మానాన్నల తరానికి బైబిలంటే చెవులతో విన్నదీ, తెర మీద చూసిందే. 1978లో వచ్చిన 'కరుణామయుడు' ఊరూరా తిరిగింది. 1979లో లూకా సువార్త ఆధారంగా అమెరికా నుంచి వచ్చిన 'జీసస్' సినిమాని ఇప్పటికి 2000కు పైగా భాషల్లోకి మార్చారు. అందులో తెలుగూ ఉంది. అక్షరం రానివాడికి తెరే గ్రంథం. మరి ఆ గ్రంథం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగొద్దా?

ముందు అమెరికా క్రైస్తవులు హాలీవుడ్‌ని ఏమని నిలదీశారో చూద్దాం.

1988లో మార్టిన్ స్కోర్సేసి 'ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్' తీశాడు. సిలువ మీదున్న యేసుకి పెళ్ళీ, పిల్లలూ, సంసారం కళ్ళ ముందు కదిలినట్టు చూపించాడు. వేలాదిమంది స్టూడియో ముందు చేరి గొడవ చేశారు. 'జీసస్' సినిమాకి అండగా నిలిచిన బిల్ బ్రైట్, మీ ఖర్చు మేమిస్తాం, ఫిలిం మాకిచ్చెయ్యండి, నాశనం చేస్తాం అన్నాడు. ప్యారిస్‌లో ఏకంగా సినిమా హాలుకే నిప్పు పెట్టారు. జనం గాయపడ్డారు.

బాబాసాహెబ్ కూడా 1927 డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అది మనల్ని శిక్షించిన శాసనం. ఇది ఒక మనిషి ఊహ. శాసనాన్ని కాల్చడం వేరు, జనం కూర్చున్న హాలుని కాల్చడం వేరు.

2014లో రెండు సినిమాలొచ్చాయి. 'నోవా'లో రాతిమనుషులు ఓడ కట్టడానికి సాయం చేశారని, నోవహు తన మనవరాళ్ళనే చంపబోయాడని చూపించారు. ఇది బైబిల్లో లేదని మతప్రసారాల సంఘంవాళ్ళు పట్టుబట్టారు. ఇది కల్పన కలిసిన కథ, అసలు కథ ఆదికాండంలో ఉంది అని కంపెనీ ప్రకటనల్లో రాయాల్సి వచ్చింది. 'ఎక్సోడస్' సినిమాలో దేవుడు చిన్నపిల్లవాడి రూపంలో మోషేతో మాట్లాడతాడు. దానిమీదా అలిగారు.

ఇవన్నీ వచనం మీద తగాదాలు. వచనం తప్పితే అడగడం న్యాయమే. కానీ రంగు తప్పితే?

'ఎక్సోడస్'లో మోషే తెల్లవాడు, ఫరో తెల్లవాడు. నౌకర్లూ దొంగలూ మాత్రం నల్లవాళ్ళు. ఇదేం న్యాయమని నల్లవాళ్ళు అడిగారు. పేరులేని నటుణ్ణి పెడితే ఇంత పెద్ద సినిమాకి డబ్బు పుట్టదు అన్నట్టుగా దర్శకుడు జవాబిచ్చాడు. 'నోవా'లో ముఖ్యులంతా తెల్లవాళ్ళే. అదేమిటంటే, ఇది మనుషులందరి కథ, ఇందులో జాతితో పని లేదని రచయితల్లో ఒకరు చెప్పాడు.

ఈ మాట మనకు కొత్తా? కులమెందుకండీ, అందరం మనుషులమే అంటూ పంక్తిలో ముందు కూర్చునేవాళ్ళని మనం రోజూ చూస్తున్నాం. క్రైస్తవంలో కులం లేదంటారు; షెడ్యూల్డు కులాల హక్కులు మీకు లేవని 1950 ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుల్ని ఆనాడూ చేర్చలేదు, ఈనాడూ చేర్చలేదు. కూలి దగ్గర, బావి దగ్గర, తన్నులు తినే దగ్గర మాత్రం మన కులం అందరికీ గుర్తుంటుంది. జాతితో పని లేదనే మాట ఎప్పుడూ పైనున్నవాడి నోటినుంచే వస్తుంది.

ఇప్పుడు అందరికీ తెలిసిన 'టెన్ కమాండ్‌మెంట్స్' సంగతి చూద్దాం. సెసిల్ బి. డెమిల్ తీశాడు. 1956 నవంబరులో విడుదలైంది. సినిమా మొదలయ్యే ముందు డెమిల్ తనే తెర మీదికొచ్చి, మనుషులు దేవుని చట్టం కింద బతకాలా, నియంత ఇష్టం కింద బతకాలా అని అడుగుతాడు. అవి రష్యాతో పోటీ నడుస్తున్న రోజులు. అతని వేలు అటు చూపిస్తోంది. అదే నవంబరులో అదే దేశంలో, మాంట్‌గోమరీ పట్టణంలో నల్లవాళ్ళు బస్సులెక్కకుండా కాళ్ళరిగేలా నడుస్తున్నారు. మొత్తం 381 రోజులు! ఆ వేలు ఇటు తిరగలేదు. దానికి నెలరోజుల ముందే, అక్టోబరు 14న, మన బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షలమందిని వెంటబెట్టుకుని మనువు ఐగుప్తు నుంచి బయటికి నడిచాడు. నిజమైన నిర్గమకాండలు నేల మీద నడుస్తుంటే, తెర మీద మోషేకి అంతఃపురంలో రాకుమారితో ప్రేమ నడిపించారు.

గ్రంథంలో ఏముంది? మోషే పసితనం నుంచి పెద్దవాడయ్యేదాకా ఒక్క అంగలో దాటిపోతుంది. మొదలే వెట్టిచాకిరీతో మొదలవుతుంది. గడ్డి ఇవ్వం, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అంటాడు ఫరో. ఇటుక బట్టీలకు వలసపోయే మనవాళ్ళకి ఈ మాట వివరించి చెప్పాలా? మగబిడ్డల్ని చంపమన్న ఫరో ఆజ్ఞని మోషేకంటే ముందు ధిక్కరించింది ఎవరు? షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు. మన పల్లెల్లో తరతరాలుగా ఊరందరికీ పురుళ్ళు పోసింది ఎవరు? మన అవ్వలే కదా! ఏ పెద్ద సినిమా ఆ మంత్రసానుల్ని నాయికలుగా నిలబెట్టింది?

బానిసలకి ఈ కథ ఎంత బలమో దొరలకి బాగా తెలుసు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిలు అచ్చేశారు. అందులోనుంచి ఐగుప్తు విడుదల కథే తీసేశారు! అయినా బానిసలు ఆ కథని వదల్లేదు. తమవాళ్ళని రాత్రిళ్ళు దాటించిన హారియెట్ టబ్‌మన్‌ని మోషే అని పిలుచుకున్నారు.

2004లో మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్' దగ్గర క్రైస్తవులు రెండుగా చీలిపోయారు. చర్చీలు టికెట్లు టోకున కొన్నాయి. యూదులమీద పాత నింద మళ్ళీ మోపుతున్నారని మరికొందరు హెచ్చరించారు. యేసు మరణానికి యూదులందర్నీ దోషుల్ని చెయ్యకూడదని 1965లోనే వాటికన్ సభ తేల్చింది. ఒకడి నేరాన్ని జాతి మొత్తానికి పులమడం ఎంత ఘోరమో మనకంటే ఎవరికి తెలుసు? ఈ విషయంలో మనం యూదుల పక్కనే నిలబడాలి.

1965లో వచ్చిన 'ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్'లో సిడ్నీ పాయిటియర్ అనే గొప్ప నల్లనటుడికి కురేనీయుడైన సీమోను వేషం ఇచ్చారు. సిలువ మోసే వేషం! మోతపని వచ్చినప్పుడు మనం గుర్తొస్తాం.

దీనికి జవాబుగా 2006లో దక్షిణాఫ్రికా నుంచి 'సన్ ఆఫ్ మ్యాన్' వచ్చింది. అందులో యేసు నల్లవాడు, మురికివాడల్లో తిరుగుతాడు. అతణ్ణి చాటుగా చంపి పాతేస్తారు. తల్లి మరియ ఆ శవాన్ని తవ్వి తీసి, లోకమంతా చూసేలా సిలువకి కడుతుంది. అది బైబిల్లో ఉన్న వచనం కాదు. కానీ 1991లో చుండూరులో మనవాళ్ళు 8 మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేస్తే, ఆ శవాల్ని తెచ్చి ఊరి నడుమ పాతి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నవాళ్ళం మనం. ఆ తల్లి చేసిన పని మనకి అర్థమవుతుంది.

అందుకని మేము చెప్పేది ఇదీ. ఏ సినిమా అయినా వెయ్యండి, అడ్డం లేదు. అయిపోయాక లైట్లు వేసి, అరగంట కూర్చోండి. మోసేవాళ్ళు ఎవరు, ఏలేవాళ్ళు ఎవరు, మాట్లాడేవాళ్ళు ఎవరు, నోరు లేనివాళ్ళు ఎవరు అని పిల్లల్ని అడగండి. ముందుగా ఆడవాళ్ళని మాట్లాడనివ్వండి. ఈసారి పశువులపాకలో పుట్టిన బిడ్డకి మన పిల్లల్ని తమ ఒంటి రంగే వెయ్యమనండి.

తెర వాళ్ళదైనా కళ్ళు మనవి. జై భీమ్!