టవరు కింది బ్యాటరీ

కర్ణాటకలోని దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడుతూ పెరిగి, పట్టాలు అందుకుని ఇంజనీర్లయిన పిల్లలున్న సభ ఇది. మీకు చెప్పదలచింది ఒక్కటే: ఆపద వేళ నెట్‌వర్కును నిలబెట్టేది కొత్త పరికరాలకన్నా ముందుజాగ్రత్తే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. టవరు కూలితేనే సిగ్నల్ పోతుందనుకుంటాం. కానీ కరెంటు లేకపోతే నిక్షేపంగా నిలబడ్డ టవరు కూడా ఆగిపోతుంది. దాని కింది పెట్టెలో బ్యాటరీ కొన్ని గంటలకే అయిపోతుంది. ఆపైన జనరేటరులో డీజిల్ పోయాలి, దారిలో చెట్లు పడితే డీజిల్ బండి రాదు. రోడ్డు పక్క టవరును కలిపే ఫైబర్ కేబుల్ తెగిందా, బ్యాటరీ ఉన్నా ఫలితం లేదు. ఇక అంబులెన్స్ ఏ వీధికి వెళ్ళాలో చెప్పే దిక్కుండదు. ఆ రోజుల్లో హామ్ రేడియో వాళ్ళు, అంటే ఔత్సాహికంగా సొంత రేడియో సెట్లు నడిపేవాళ్ళు, సమాచారం చేరవేయగలిగారంటే, వాళ్ళ సెట్టుకు టవరుతో పని లేకపోవడం వల్లే. కారు బ్యాటరీ, ఒక యాంటెన్నా తీగ ఉంటే అది పలుకుతుంది.

ఎప్పుడో వచ్చే తుఫాను కోసం టవర్లకు ఎక్కువ గంటలు నిలిచే బ్యాటరీలు పెట్టడానికి ఇంత ఖర్చెందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని టవర్లకూ అక్కర్లేదు. ఆసుపత్రి, ఫైర్ స్టేషన్, తాలూకా ఆఫీసుల దగ్గరివాటికి ముందు పెడదాం. ఉపగ్రహ ఫోన్లున్నాయి కదా అని ఇంకొందరంటారు. ఉండాల్సిందే. కానీ వాటికీ చార్జింగ్ కావాలి, వాడడం తెలిసిన మనిషి కావాలి. వరద రోజున మొదటిసారి పెట్టె విప్పితే ఏం లాభం? మన ముద్దేనహళ్ళిలో పుట్టిన ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు చూపిన దారీ ఈ ముందుజాగ్రత్తే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక, నిజాం ప్రభుత్వం పిలిస్తే వెళ్ళి, నీళ్ళను ఊరికి ఎగువనే ఆపే జలాశయాలు కట్టమన్నారు.

నాయనలారా, తల్లులారా, చనువుకొద్దీ కోప్పడుతున్నాను. ఫోన్‌లో చార్జి తగ్గితే ఇల్లంతా తిరిగి చార్జరు వెతుకుతారే, ఆ ఆత్రం రేపు మీ చేతికొచ్చే టవరు మీద ఎందుకుండదు? ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, పై అధికారి అనుమతి తీసుకుని, ఒక టవరుకు మెయిన్ స్విచ్ దించండి. బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచిందో గడియారం చూసి రాయండి. ఆ అంకె సరిపోదనిపిస్తే, సరిపోయేదాకా అడుగుతూనే ఉండండి.