పెండ్లి మాట – దాని బరువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది వెళ్లగానే మన యిండ్లలో పెండ్లి మాటలు మొదలగును. కనుక వివాహమును గూర్చి కథోలిక శ్రీసభ బోధించునదేమో నాలుగు మాటలలో మనవి చేసెదము.

ఆ బోధలో మొదటిది యిది: వివాహమును కలుగజేయునది బాజాలు గావు, భోజనములు గావు; వధూవరుల సమ్మతియే. జీవితాంతము ఒకరినొకరు స్వీకరింతుమని స్వేచ్ఛగా పలుకు మాటయే పెండ్లి. జ్ఞానస్నానము పొందిన యిద్దరి నడుమ అది దివ్యసంస్కారమగును.

మాటయే చాలునన్నప్పుడు గుడి యెందుకని మన యువకులడుగుదురు. చరిత్రయే బదులు చెప్పును. పూర్వము ఐరోపాలో చాటున మాట యిచ్చి, కాపురము చేసి, పిదప "నేనెప్పుడంటిని?" అని త్రోసిపుచ్చినవారుండిరి. అందుచే 1563లో ట్రెంట్ మహాసభ, విచారణ గురువు, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేని పెండ్లి చెల్లదని శాసించినది. సాక్షులు వేడుకకు గాదు, మోసపోవువారికి అండగా.

పెండ్లి లేని సహజీవనమును శ్రీసభ అంగీకరింపకపోవుటకును కారణమిదియే. ప్రేమయన్నది తన్ను తాను పూర్తిగా ఇచ్చుకొనుట. దేహమిచ్చి మాట దాచుకొనుట అరకొర దానము. అయినను అట్టివారిని వెలివేయుమనలేదు. వారి వారి కారణములు విడివిడిగా తెలిసికొని ఓర్పుతో దారి చూపుడని 1981లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు గురువులను కోరిరి. కొన్ని చోట్ల పెండ్లి ఖర్చు భరింపలేక బీదలు అట్లుండిపోవుచున్నారని 2016లో ఫ్రాన్సిస్ జగద్గురువులు వ్రాసిరి.

ఈ మాట మనకు తగులును. పొట్ట చేతబట్టుకొని పరరాష్ట్రము వచ్చినవారము. కట్నము, విందు, బంధువుల రాకపోకలు – వీనికి అప్పు పుట్టక పెండ్లి వాయిదాపడిన యిండ్లు మనలో లేవా? స్వగ్రామపు విచారణనుండి జ్ఞానస్నాన పత్రము తెప్పించుటయు దూరాననున్నవారికి శ్రమయే. శ్రీసభ కోరునది గురువు, సాక్షులు, మనసార పలికిన మాట. తక్కిన బరువు మనము మోపినదే.

సహజీవనము నేరము గాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పినది. 2005 నాటి గృహహింస చట్టము పెండ్లివంటి సంబంధములోనున్న స్త్రీకిని రక్షణ కల్పించినది. మంచిదే. కాని నేరము గాకపోవుట వేరు, నిండు మాట యిచ్చుట వేరు.

పెద్దలారా, అట్టి జంట మీ యింటనున్నచో తలుపు మూయకుడు. అడ్డమేమని అడుగుడు. డబ్బయినచో విందు తగ్గించుడు; పత్రమయినచో ఉత్తరము వ్రాసిపెట్టుడు. సాక్షులు కావలసినచో మేమున్నాము. యువజనులారా, ఇయ్యదలచిన మాట చాటున దాచకుడు, నలుగురి యెదుట ఇండు.