కొర్రమీను



నేను మాంసాహారిని కాను. అట్టి నేను చేపను గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. అయినను నంద్యాలలోను ఆళ్లగడ్డలోను పిల్లలకు చదువు చెప్పిన కాలమున, కుందూనదిలోను కె.సి. కాలువ క్రింది వరిమళ్లలోను వారు పట్టి తెచ్చిన చేపలను చూచి యెరుగుదును. వానిలో కొర్రమీను విశేషమైనది. హైదరాబాదున మృగశిరకార్తె నాడు ఉబ్బసరోగుల నోట వేయు చేపపిల్ల యిదియే.

దీని తల పాముతలవలె చదునైనది. 1793లో జర్మను వైద్యుడు బ్లాఖ్ దీనిని శాస్త్రమున కెక్కించుచు, పాముతల యను నర్థము వచ్చు గ్రీకు పేరే జాతికి పెట్టెను. అమరకోశము వారివర్గమున 'శకుల' మను మత్స్యము కలదు. హిందీవారు కొర్రమీనును 'సౌల్' అనుట ఆ శబ్దము నుండియే యని నాకు తోచును. దేహము గుండ్రన, వీపు నలుపు, కడుపు తెలుపు. ప్రక్కలనుండి కడుపువైపునకు నల్లని చారలు ఏటవాలుగా దిగును. వీపురెక్క ముండ్లు లేక తోకదాక ఒకే పట్టెగా సాగును.

దీనికి జ్ఞాతులు కలరు. పూమీను తోకమొదట నెమలికన్నువంటి చుక్క యుండును. మట్టగిడస మేనినిండ నల్లచుక్కలు. అది ఎంత మేపినను పెద్దది కాదు. కొర్రమీనుపిల్లలని చెప్పి మట్టగిడసలను అంటగట్టువా రుందురు గాన, చెరువులో విడుచువారు చారయో చుక్కయో చూచుకొనవలెను. శీలావతి, బొచ్చె పిల్లలున్న చెరువున మాత్రము దీనిని విడువరాదు, వానిని మ్రింగివేయును.

మొప్పలకు పైభాగమున దీనికి గాలి పీల్చు గది యున్నది. అందుచేత తడిబుట్టలోను, ఎండిన కుంట బురదలోను బ్రతుకును. విచిత్రమేమన, నీటిపైకి రానీయక అడ్డగించినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును!

ఇక ముఖ్యవిషయము. వానకాలమున ఇది పలుచని నీటిలో నాచును తొలగించి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పగులును. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగును. తల్లిదండ్రులు, అందును తండ్రి, క్రిందనుండి కావలి కాయును. ఇది యెరిగిన వేటకాండ్రు ఆ గుంపునడుమ కప్పను గుచ్చిన గాలము వేయుదురు. పిల్లలను రక్షింప దుమికిన చేప చిక్కును. కావలిలేని వేలకొలది పిల్లలు ఇతర చేపల పాలగును. ఒక్క చేపకై ఒక సంతతియే పోవుచున్నది. మీ చెరువున ఎర్రని గుంపు కనబడినచోట గాలము వేయనీయకుడు. పిల్లలు ఎరుపు మాని నల్లబడి చెదరిన పిమ్మట పట్టుకొనవచ్చును.